మంజీర మోసుకెళ్లిన మట్టి

మ్యాపులో నారాయణఖేడ్ కోసం వెతికితే ముందుగా కంటికి ఆనేది మంజీర నది వంపు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో 823 మీటర్ల ఎత్తున పుట్టిన ఈ నది లాతూరు, బీదర్ ప్రాంతాల మీదుగా ఆగ్నేయంగా దిగి వస్తుంది. సింగూరు, సంగారెడ్డి దాటాక ఉన్నట్టుండి ఉత్తరానికి మళ్లుతుంది. మెదక్ పక్కనుంచి సాగి, నిజాంసాగర్ చేరి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. ఈ తిరుగుడులో పడమర, దక్షిణం, తూర్పు మూడు దిక్కులా ఖేడ్ ప్రాంతాన్ని చుట్టేస్తుంది.

మూడు పక్కలా నది ఉన్నా ఖేడ్ వానను నమ్ముకున్న సీమగానే మిగిలింది. నది లోయలో పారుతుంది, పొలాలు పైన మెట్ట మీద ఉన్నాయి. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లా ఎన్నిసార్లు మారినా ఒక సంగతి మాత్రం మారలేదు. నది నుంచి ఖేడ్‌కు అందిన నీళ్లు తక్కువ, ఖేడ్ నుంచి నదికి పోయిన మట్టి ఎక్కువ. మంజీర కథను ఎప్పుడూ నీళ్ల కథగానే చెప్పుకుంటాం. దాన్ని మట్టి కథగా చదివితే గాని ఈ సీమ చరిత్ర సరిగ్గా బోధపడదు.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా పొరలు పొరలుగా పారింది. అది గడ్డకట్టి నల్లరాయి అయింది, ఆ రాయి ఎండకూ వానకూ చివికి నల్లరేగడి అయింది. ఖేడ్ పరిసరాలు ఆ లావా మైదానపు తూర్పు అంచు. ఇంకాస్త తూర్పుకు, మెదక్ వైపు వెళితే గ్రానైట్ గుండ్లు, ఎర్ర చెలకలు మొదలవుతాయి.

వానాకాలం పోయాక ఏదైనా వాగు ఒడ్డున నిలబడి కోత పడిన గట్టును చూస్తే ఈ చరిత్రంతా నిలువునా కనిపిస్తుంది. పైన బెత్తెడో బారెడో నల్లమట్టి, అందులో తెల్లటి సున్నపు గుండ్లు. దాని కింద చివికీ చివకని రాయి, అంటే మొరం. అడుగున నల్లరాయి. వేసవిలో పైనున్న రేగడి ఎండి, చేయి దూరేంత నెర్రెలిస్తుంది. తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లోకి దిగుతాయి. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు లోపలికి ఇంకదు, పైపైన పారుతూ సన్న ఒర్రెలు కోస్తుంది. ఒర్రె వాగులో, వాగు నదిలో కలుస్తుంది. రేగడి రేణువు ఎంత సన్నదంటే ఒకసారి నీళ్లలో లేచిందా, నీరు పూర్తిగా నిమ్మళించేదాకా కిందికి దిగదు. ఇసుక అలా కాదు, వేగం కాస్త తగ్గగానే వంపు లోపలి ఒడ్డున మేట వేస్తుంది. అందుకే నది అడుగున ఇసుక దొరుకుతుంది. రేగడి మాత్రం వరదతోపాటు దూరాలు పోతుంది.

నల్లనేలల మీదుగా వచ్చిన మంజీర గ్రానైట్ సీమలో అడుగుపెట్టాక నడక మారుతుంది. గ్రానైట్‌ను కోయడం నదికి అంత సులువు కాదు, బండల మధ్య సందులు వెతుక్కోవాలి. పాపన్నపేట మండలం నాగసానిపల్లి దగ్గర అది పాయలుగా చీలుతుంది. ఆ ఏడు పాయల నడుమ వనదుర్గ కొలువుంది, మహాశివరాత్రికి ఏడుపాయల జాతర జరుగుతుంది. అదే తావున 1905లో ఘనపురం ఆనకట్ట కట్టి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు తీశారు. ఆనకట్ట తక్కువ ఎత్తుది కాబట్టి వరద దాని మీదుగా దూకి పోయేది, వరదతోపాటు ఒండ్రూ సాగిపోయేది.

మట్టి లెక్క తప్పింది నిజాంసాగర్ దగ్గర. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం మీద నిజామాబాద్ ప్రాంతంలో రెండు లక్షల ఎకరాలకు పైగా సాగయింది. బోధన్ చెరకు, అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఈ నీటి చలవే. దాన్ని కట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు నేటికీ ఆ డ్యామ్‌తో ముడిపడి ఉంది. కట్టినప్పుడు దాని నిల్వ 29.72 టీఎంసీలు. ఏటా 530 ఎకరా-అడుగుల పూడిక చేరుతుందని అంచనా వేశారు. తర్వాత కొలిస్తే చేరుతున్నది ఏటా 8,725 ఎకరా-అడుగులని తేలింది, అంటే అనుకున్నదానికి 16 రెట్లకు పైగా. 1970ల నాటికి నిల్వ 11.8 టీఎంసీలకు పడిపోయింది. నీటిమట్టాన్ని నాలుగున్నర అడుగులు పెంచి దాన్ని 17.8 టీఎంసీలకు తెచ్చారు. నలభై ఏళ్లు నిండగానే జలాశయంలో సగానికి పైగా మట్టి కూర్చుంది.

ఆ మట్టి ఎక్కడిది? బీడ్, లాతూరు, బీదర్ మెట్టలది, ఖేడ్ చేలది. ఖేడ్ ఉత్తరాన పారే నల్లవాగు కూడా నిజాంసాగర్ వైపే పోతుంది. జలాశయంలోకి దిగిన వరద నెమ్మదించగానే ముతక ఇసుక ముఖద్వారంలోనే ఆగిపోతుంది, సన్నమట్టి కట్ట దాకా వెళ్లి అడుగున పేరుకుంటుంది. ఇంజనీర్ల పనితనం మీద వేలెత్తి చూపడానికి లేదు, కట్ట ఇప్పటికీ గట్టిగా ఉంది. నీళ్లను అంత బాగా లెక్కగట్టినవాళ్లకు పైనున్న పొలాలు లెక్కలోకి రాలేదు. తర్వాత గోదావరి మీద కట్టిన శ్రీరామసాగర్‌దీ ఇదే దారి. 112 టీఎంసీల నిల్వ 1994 సర్వే నాటికి 90కి తగ్గింది.

పాతకాలం రైతులకు మాత్రం ఈ లెక్క తెలుసు. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి పూడికమట్టిని చేలకు తోలేవారు. పై చేను పోగొట్టుకున్న సారం అలా కింది చేనుకు చేరేది, చెరువూ లోతుగా ఉండేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ పాత ఆచారాన్నే ప్రభుత్వ పనిగా చేపట్టింది. కాకపోతే చెరువులో తీసినంత సులువుగా నిజాంసాగర్‌లోనో సింగూరులోనో పూడిక తీయలేం. 29.91 టీఎంసీల సింగూరు జలాశయం నిజాంసాగర్‌కు ఎగువన వచ్చాక మంజీర మట్టిలో చాలా భాగం ఇప్పుడు అక్కడే ఆగుతోంది.

మట్టిని పుట్టినచోటే ఆపాలి. అది ఎలాగో ఇదే జిల్లాలోని పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేసి చూపించింది. 1976 నుంచి అక్కడి నల్లరేగడిలో రెండు పద్ధతులను పక్కపక్కన నడుపుతున్నారు. వానాకాలమంతా నేలను బీడుగా ఉంచి రబీలో జొన్నో శనగో వేసే పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు 6 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోయింది. వెడల్పాటి బోదెలు, కాలువలు తీసి వానాకాలంలోనూ పంట నిలిపిన చోట పోయింది ఒకటిన్నర టన్నులు. దిగుబడి ఒక టన్ను చిల్లర నుంచి ఐదు టన్నుల దాకా పెరిగింది. ఖేడ్ రైతు నేల అలాంటిదే.

2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన జరిగింది. బసవేశ్వర కింద సింగూరు నుంచి 8 టీఎంసీలు ఎత్తి ఖేడ్ మెట్టలకు ఇవ్వాలని సంకల్పం. ఇన్నేళ్లు మట్టిని మాత్రమే నదికిచ్చిన సీమకు నీళ్లు రావడం న్యాయం, రావాలి కూడా. అయితే ఆ నీళ్లు ఆగేది సింగూరులోనే, సింగూరు నిండేది ఈ నల్లనేలల మీదుగా వచ్చే వరదతోనే. పంపులకూ పైపులకూ పెట్టే ఖర్చులో కొంత పొలం గట్లకు, ఒర్రెలకు అడ్డుగా వేసే రాతికట్టలకు, వాగు ఒడ్డున గడ్డికీ చెట్లకూ కేటాయించాలి. నిజాంసాగర్‌లో జరిగిన పొరపాటు సింగూరులో జరగకూడదంటే ఈ పని కాలువల కంటే ముందే మొదలుకావాలి.