మహమ్మారి, ముసలితనం, ఒంటరితనం: ఒక రైలు దారి సాక్ష్యం

వృద్ధుల ఒంటరితనాన్ని కోవిడ్ తెచ్చిపెట్టిందని ఇటీవలి కథలూ వ్యాసాలూ అనేకం చెబుతున్నాయి. ఈ మాటలో ఉన్నది సగం నిజమే. మహమ్మారి శూన్యంలోకి రాదు. అప్పటికే ఉన్న ఉత్పత్తి సంబంధాల్లోకి, కుటుంబ సంబంధాల్లోకి, కుల సంబంధాల్లోకి వస్తుంది. ఎవరు ఒంటరివారవుతారో చాలావరకు ఆ సంబంధాలే నిర్ణయిస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం నా ఉద్దేశం.

మూడూ గుంతకల్లు-బెంగుళూరు రైలు మార్గం మీది ఊళ్లు. 2020లో అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిందని చరిత్ర పుస్తకాలు ఘనంగా చెబుతాయి. కాని ఇక్కడి సామాన్యుల బతుకును తీర్చిదిద్దింది కోటలు కావు, కరువూ రైలూ. ఈ కరువు సీమ శ్రమశక్తిని బెంగుళూరు వైపు తోడిపోసే కాలువ ఈ రైలు దారే. పనిచేసే వయసువాళ్లు బండెక్కారు. ముసలివాళ్లు ఇల్లు కాచుకుంటూ మిగిలారు. ఇది వైరస్ రాకముందే జరిగిపోయిన సంగతి.

మహమ్మారి రైలెక్కి రావడం కూడా ఇక్కడివారికి కొత్త కాదు. 1898 ఆగస్టులో ప్లేగు హుబ్లీ నుంచి రైలు మీదే బెంగుళూరు చేరింది. మైసూరు సంస్థానానికి ఆనుకొని ఉన్న హిందూపురం ప్రాంతానికి అది పొరుగింటి నిప్పు. అంతకుముందు ఏడాదే వలస ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఆ 1897లోనే పూనాలో ప్లేగు పేరిట జరిగిన ఇళ్ల సోదాల మీద జనాగ్రహం రాండ్ అనే అధికారి హత్య దాకా పోయింది. నాలుగు సెక్షన్ల ఆ చిన్న చట్టం మనిషిని వేరుచేసే అధికారం ఇచ్చింది; వేరుచేసిన మనిషికి అన్నం ఎవరు పెడతారో, పలకరింపు ఎవరిదో చెప్పలేదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు జారీచేసింది ఈ చట్టం కిందనే. 123 ఏళ్లలో పాలకులు మారారు, చట్టపు చూపు మారలేదు.

1918 ఇన్‌ఫ్లూయెంజా మరొక పాఠం. భారతదేశంలో మృతులు కోటీ 20 లక్షలకు తగ్గరని అంచనాలు. 1911-1921 మధ్య దేశ జనాభా తగ్గింది; మన జనాభా లెక్కల్లో అలాంటి దశాబ్దం అదొక్కటే. ఆ జ్వరం ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్లవారిని కబళించింది. హిందీ కవి నిరాలా భార్యనూ కుటుంబంలో పలువురినీ అప్పుడే పోగొట్టుకున్నాడు. అంటే ఆనాడు బిడ్డలు చనిపోయి ముసలివాళ్లు ఒంటరివారయ్యారు. 2020లో ముసలివాళ్లు చనిపోకూడదని వారిని ఒంటరిని చేశాం. ఈ తేడాను గుర్తించకుండా రెండింటినీ ఒకే గాటన కట్టడం చరిత్ర కాదు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. అనంతపురం జిల్లాలో తొలి కేసులు బయటపడిన ప్రాంతాల్లో హిందూపురం ఒకటి. రైళ్లు ఆగాయి, కర్ణాటక సరిహద్దు మూతపడింది. బెంగుళూరులో ఉన్న కొడుకు అక్కడే, హిందూపురంలో తల్లి ఇక్కడే. దూరం వంద కిలోమీటర్లు; ఆ వారాల్లో అది సముద్రమంత. మే నెల నుంచి 65 ఏళ్లు దాటినవారు అత్యవసరమైతే తప్ప ఇల్లు కదలరాదని కేంద్రం ఉత్తర్వు. ఆ మే నెలలోనే పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారం తిరిగి తెరుచుకుంది. వృద్ధులకు ప్రాణాపాయం ఎక్కువన్నది వైద్యశాస్త్రం చెప్పిన నిజమే, కాదనలేం. కాని శ్రమను బయటికి రప్పించడానికి చూపిన ఏర్పాటులో నాలుగో వంతయినా లోపల ఉండిపోయినవారి పలకరింపుకు చూపలేదన్నది నా విమర్శ.

ధర్మవరం ఉదాహరణ మరీ ముఖ్యం. చేనేత ఇంట్లో ముసలితనం ఖాళీతనం కాదు. కళ్లు మసకబారి మగ్గం దిగిన మనిషి కండెలు చుడతాడు, అచ్చు అతికే చోట సలహా చెబుతాడు. పని ఉన్నంతకాలం ఇంట్లో మాటకు విలువ ఉంటుంది. లాక్‌డౌన్‌లో ముడిపట్టు రాలేదు, పెళ్లిళ్లు ఆగాయి, చీరలు కదలలేదు. మగ్గం మూగబోతే వృద్ధుడు కూలితో పాటు తోడును కూడా కోల్పోయాడు. 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం ఏటా 24,000 రూపాయలు ఇచ్చింది; అయితే సొంత మగ్గం ఉన్నవారికే. పరాయి మగ్గం మీద కూలికి నేసేవారూ, కండెలు చుట్టే ముసలమ్మలూ ఆ లెక్కలోకి రాలేదు. ఆ జూలైలోనే కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేసింది.

మరి వీరు ఎలా తట్టుకున్నారు? ఉపదేశాల వల్ల కాదు. గోడవతల ఇరుగుపొరుగు గిన్నె చాచారు. అరుగు మీది మాటలు గడపలోకి మారాయి. ఫోను వాడడం మనవళ్లు దూరం నుంచే నేర్పారు. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీరు 2,250 రూపాయల పింఛను ఇంటికి తెచ్చిచ్చాడు. ఒంటరి వృద్ధులు కొందరికి నెల మొదటి తేదీన తలుపు తట్టిన ప్రభుత్వం అదొక్కటే. అందులో రాజకీయ ప్రయోజనం లేదని నేననను. కాని 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో ఆ పద్ధతి ఆగినప్పుడు, ఎండలో సచివాలయాలకు నడిచిన ముసలివాళ్లను చూశాం. పలకరింపు హక్కుగా కాక పథకంగా ఉంటే జరిగేది ఇదే.

‘సామాజిక దూరం’ అన్న మాట గురించి కూడా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మేలని చెప్పింది. కులం పేరిట వేల ఏళ్లుగా దూరం పాటించిన దేశంలో మనం పాత మాటనే ఇష్టపడ్డాం. వెలివాడకు ఆ దూరం కొత్త కాదు. ఈసారి దానికి ఆరోగ్యమనే సాకు దొరికింది.

కుటుంబం ఉంది గనక మనకీ సమస్య లేదనడం ఆత్మవంచన. బ్రిటన్ 2018లోనూ జపాన్ 2021లోనూ ఒంటరితనానికి మంత్రులను నియమించాయి. మన దగ్గర 60-79 ఏళ్లవారి వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 200 రూపాయల దగ్గరే ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2020 మార్చిలో ఆపిన వృద్ధుల రైలు రాయితీ రైళ్లు కదిలాక కూడా తిరిగి రాలేదు. బిడ్డ దగ్గరకు పోయే దారికి సైతం ధర పెరిగింది.

అభ్యుదయ రచయిత కన్నీటి దగ్గర ఆగిపోరాదు. ముసలితనం జాలి పడాల్సిన వయసు మాత్రమే కాదు, జీవితమంతా శ్రమించినవారికి సమాజం పడ్డ బాకీ. కండె చుట్టిన చేతికీ, కొడుకును బండెక్కించిన తల్లికీ ఆ బాకీ ఎంతో లెక్కగట్టి రాయడం మన పని.