బోనులోకి భగవద్గీత ఎలా వచ్చింది?

తెలుగు సినిమాలో సాక్షి బోనెక్కగానే బంట్రోతు భగవద్గీత పట్టుకొస్తాడు. నిజం కోర్టుల్లో ఆ పుస్తకం కనబడదు. అలాంటి ప్రమాణాలను ఈస్టిండియా కంపెనీ కోర్టులు 1840లోనే మానేశాయి.

అంతకుముందు శాస్త్రం చెప్పిందే దారి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. స్మృతి ప్రకారం మామూలు తగవుకు కనీసం ముగ్గురు సాక్షులుండాలి. ఉభయపక్షాలూ ఒప్పుకుంటే ధర్మం తెలిసినవాడు ఒక్కడైనా చాలు. దొంగతనం, దౌర్జన్యం లాంటి వాటికైతే ఎవరు సాక్ష్యం చెప్పినా వినవచ్చు. దొంగసాక్షిని పట్టే గుర్తులు మరీ సరదాగా ఉంటాయి: ఒకచోట నిలవడు, పెదవుల కొసలు నాకుతాడు, నుదుట చెమటలు పోస్తాయి, నోరు ఎండుతుంది, మాట తడబడుతుంది. నిజం చెబుతూ భయపడేవాడి సంగతేమిటో మరి!

కంపెనీ కోర్టులు హిందువుల చేత గంగాజలం మీద, ముస్లింల చేత ఖురాన్ మీద ప్రమాణం చేయించేవి. మనసుకు రుచించని ఆ తంతు వల్ల న్యాయానికే అడ్డంకులొస్తున్నాయని 1840 చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. దేవుడి ఎదుట నిజమే చెబుతానన్న మాట చాలంది.

1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన సాక్ష్యాధారాల చట్టం ముగ్గురు సాక్షుల లెక్కనూ పక్కన పెట్టింది. ఎంతమంది ఉండాలన్న నియమమే లేదు. నమ్మదగినవాడు ఒక్కడున్నా చాలు. సాక్షిని తేల్చే పని ఇక క్రాస్ ఎగ్జామినేషన్‌ది.

అయినా పాత భయం ఊరికే పోలేదు. మరుసటి ఏడాది వచ్చిన ప్రమాణాల చట్టం ఒక కిటికీ తెరిచే ఉంచింది. ‘గుడిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి, నువ్వు చెప్పిందానికి కట్టుబడతాను’ అని కక్షిదారు ఎదుటివాడికి సవాలు విసరవచ్చు. కోర్టు అనుమతించి, అవతలివాడు సిద్ధపడి ప్రమాణం చేస్తే, ఆ సాక్ష్యమే సవాలు విసిరినవాడి మీద తిరుగులేని రుజువు. వకీలు వాదనకు అక్కడ పనిలేదు. కేసును దేవుడి నెత్తిన పెట్టే ఈ ఏర్పాటు 1969 చట్టంతో పోయింది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు సత్యప్రమాణాలు మాత్రం కోర్టుతో సంబంధం లేకుండా సాగుతూనే ఉన్నాయి.

1969 చట్టం ప్రకారం పన్నెండేళ్లలోపు పిల్లలకు ప్రమాణమంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలన్న ఇంగితం ఉంటే చాలు, వాళ్ల మాట వినవచ్చు. పెద్దవాళ్ల చేత ప్రమాణం చేయించడం కోర్టు మరిచిపోయినా సాక్ష్యం చెల్లుతుంది. కోర్టులో తెలిసి అబద్ధమాడితే ఏడేళ్లదాకా జైలు.