గులాం ఖాసిం పుస్తకం, శాస్త్రిగారి పుస్తకం

గోదావరిఖనిలో బొగ్గు తవ్వకాలకు నూరేళ్లకు పైగా ముందే, నాటి నిజాం రాజ్యం పేరు ఒక చదరంగం పుస్తకంలోకి ఎక్కింది. 1829లో మద్రాసులో అచ్చయిన ఆ పుస్తకంలో మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య జరిగిన రెండు ఆటలున్నాయి. రాసింది మద్రాసు పక్షాన ఎత్తులు నడిపించిన గులాం ఖాసిం, సివిల్ సర్వీసు అధికారి జేమ్స్ కాక్రేన్. పుస్తకంలో ముఖ్య విషయం మాత్రం మ్యూజియో గాంబిట్: ఆట మొదట్లోనే గుర్రాన్ని వదిలేసి రాజు మీదికి దూకడం. ఆ ఆరంభంలో ఒక దారికి నేటికీ ఖాసిం పేరే ఉంది.

అంతకు పదిహేనేళ్ల ముందు, 1814లో, బొంబాయిలో ఇంకో పుస్తకం వచ్చింది. తిరుపతి ప్రాంతపు త్రివేంగడాచార్య శాస్త్రి సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి తెచ్చినది. అందులో దాదాపు అన్నీ చిక్కు స్థితులే. నేర్చుకునేవాడి ఆట మెరుగుపడాలి, జ్ఞాపకశక్తికి పదును పెట్టాలి అని ముఖపత్రం మీదే రాసుకున్నారు. మన పాత ఆటలో బంటుకు మొదట రెండు గళ్ల దూకుడు లేదు, ఈనాటి క్యాస్లింగూ లేదు. అందుకే స్థితులను యూరప్ పద్ధతికి సర్దారు.

ఇప్పటి పుస్తకాల అంగట్లోనూ ఆరంభాలవీ, స్థితులవీ అనే ఈ రెండు రకాలే ఎదురవుతాయి. కొత్తగా నేర్చుకునేవారికి శాస్త్రిగారి దారే మేలు. ఆరంభం ఎత్తులు కంఠస్థం చేస్తే ఎదుటివాడు పక్కదారి పట్టగానే చదివిందంతా వృథా. స్థితులుగా నేర్చుకునే ముగింపు పాఠం అలా కాదు: తెల్లరాజు తన బంటుకు ముందు ఆరో వరుసలో నిలబడితే, అంచు బంటు కానంతవరకు, ఎత్తు ఎవరిదైనా గెలుపు తెల్లవారిదే. ఒక్క బోర్డు, మూడే పావులు చాలు. మొదటి షిఫ్టు దిగివచ్చిన కార్మికుడు సాయంత్రం అరగంటలో కొడుకుతో కూర్చుని తేల్చుకోగల పాఠమిది.

చదరంగ ప్రపంచ విజేత కాపాబ్లాంకా 1921లో అచ్చువేసిన 'చెస్ ఫండమెంటల్స్' కూడా తేలిక ఆటకట్టులు, బంట్ల ముగింపులతోనే మొదలవుతుంది. సింగరేణి కాలరీస్ కంపెనీగా ఏర్పడిన మరుసటి ఏడాది పుస్తకమది. నూరేళ్లు దాటినా పాతబడలేదు.

పాత పుస్తకం చేతికొస్తే మాత్రం ముందు ఒక పేజీ తెరిచి చూడాలి. ఎత్తులు గళ్ల పేర్లతో, అంటే ఇ4, డి5 అని ఉన్నాయా, రాజువైపు నాలుగో గడి అన్న పాత పద్ధతిలో ఉన్నాయా? అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1981 నుంచి మొదటి పద్ధతినే గుర్తిస్తోంది. రెండోది పట్టుకున్న పిల్లలు ఎత్తు అర్థంకాక, ఆట బాగున్నా పుస్తకం మూసేస్తారు.