చెరిగిపోని పాట: ఇంట్లో గిటారు రికార్డింగు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఎక్స్ఛేంజీల గురించి రాస్తానని అందరూ అనుకొని ఉంటారు. ఆ కథ మనలో చాలామందికి తెలిసినదే. అందుకని మా మనవడి గదిలో నాకు ఎదురైన మరో చరిత్ర రాస్తున్నాను. దానికీ మన టెలిఫోనుకూ కొంత చుట్టరికం ఉంది.

మనవడు డిగ్రీ చదువుతున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొని, దాని వైరును తిన్నగా కంప్యూటరు మైకు సాకెట్టులో పెట్టి రికార్డు చేయబోయాడు. వాయిద్యం కన్నా 'హమ్' ఎక్కువ వినిపించింది. "తాతయ్యా, లైన్లలో ఇలాంటి రొద మీరెలా పోగొట్టేవారు?" అన్నాడు. రిటైరయ్యాక ఒక సాంకేతిక విషయం నన్నొకరు అడగడం చాలా కాలానికి జరిగింది. ఆ ఉత్సాహంలో ఈ విద్య ఎక్కడ మొదలైందో వెతికి చదివాను.

ఇంట్లో గిటారు రికార్డు చేసిన తొలితరంలో ముందు చెప్పుకోవలసిన పేరు లెస్ పాల్. 1915లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో టెలిఫోనులోని మాట్లాడే భాగాన్ని మైకుగా, ఇంట్లోని రేడియోను స్పీకరుగా వాడుకొని పాడాడట. 1940 ప్రాంతంలో నాలుగు అంగుళాల చదరపు దుంగ మీద తీగలు బిగించి ఎలక్ట్రిక్ గిటారు చేసుకున్నాడు. తరువాత హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీనే స్టూడియోగా మార్చాడు. రికార్డు ప్లేట్లు కోసే యంత్రాన్ని కాడిలాక్ కారు ఫ్లైవీలుతో సొంతంగా తయారు చేశాడు.

ఆయన పద్ధతి ఇది. ముందు ఒక వరస వాయించి ప్లేటు మీద ఎక్కించడం, దాన్ని మోగిస్తూ రెండో వరస వాయించడం, రెండూ కలిపి కొత్త ప్లేటు మీద ఎక్కించడం. ఇలా ఒక్క మనిషే ఎనిమిది గిటారు వరసలు వాయించిన 'లవర్' 1948లో విడుదలైంది. ఎనిమిదో వరసలో వేలు తప్పితే ఆ ప్లేటు పారేయవలసిందే.

1949లో గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఒక ఆంపెక్స్ టేపు రికార్డరు ఇచ్చాడు. లెస్ పాల్ దానికి మరో హెడ్ బిగించాడు. అది పాత ధ్వనిని ముందుగా చదివేది. తరువాతి హెడ్ టేపును చెరిపేది. ఆ తరువాతిది పాతదీ కొత్తదీ కలిపి అదే టేపు మీద రాసేది. ఆయన, భార్య మేరీ ఫోర్డ్ ఈ పద్ధతిలో ఇంట్లోనే చేసిన 'హౌ హై ద మూన్' 1951లో అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. కాని ప్రమాదం చూడండి. కొత్త వరస చేరాలంటే పాత రికార్డింగు చెరగాలి. చివరిలో దగ్గు వచ్చినా అంతకుముందు చేసిన పనంతా పోయినట్లే.

ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నా శ్రీమతి పాడిన మంగళహారతులు, ఉయ్యాల పాటలు మా ఇంట్లో ఒక క్యాసెట్టులో ఉండేవి. 1987లో ఒక ఆదివారం తొందరలో అదే క్యాసెట్టు పెట్టి రేడియో నాటకం రికార్డు చేశాను. క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. "పోనిద్దురూ, మళ్ళీ పాడతాను" అంది ఆవిడ. ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. ఆ 'మళ్ళీ' రానేలేదు.

ఈ చెరిగిపోయే బాధను తీర్చేందుకే లెస్ పాల్ ఎనిమిది వరసలను వేరువేరు బాటల్లో నిలిపే టేపు యంత్రం కావాలన్నాడు. ఆంపెక్స్ దాన్ని 1957లో తయారు చేసి ఇచ్చింది. అది సామాన్యులు కొనగలిగింది కాదు. 1979లో టాస్కామ్ పోర్టాస్టూడియో వచ్చాక, మన ఇళ్ళల్లో వాడే మామూలు క్యాసెట్టు మీదే నాలుగు బాటలు సాధ్యమయ్యాయి. రెండు వైపుల బాటలనూ ఒకే దిశలో, రెట్టింపు వేగంతో నడిపించడమే అందులోని కిటుకు.

మనవంటి ఉద్యోగస్తులకు నచ్చే మనిషి టామ్ షోల్జ్. పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరు. పగలు ఉద్యోగం, మిగిలిన వేళల్లో ఇంటి నేలమాళిగలో గిటారు రికార్డింగు. అలా తయారైన 'బోస్టన్' ఆల్బమ్ 1976లో వచ్చి కోటికి పైగా అమ్ముడుపోయింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని, ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా వాయించుకొనే 'రాక్‌మాన్' అనే చిన్న పెట్టెను 1982లో ఆయనే తెచ్చాడు.

ఇక కంప్యూటరు. పి.సి.ఎం. పరికరాల మీద పని చేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. మన లైన్లలో మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో పంపేవాళ్ళం. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుదీ అదే సూత్రం. కాకపోతే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు. ఆ లెక్కన ఒక్క గిటారు వరసకు నిమిషానికి 5 మెగాబైట్ల పైచిలుకు చోటు కావాలి. 100 మెగాబైట్ల డిస్కులో నాలుగు వరసలు పెడితే అయిదు నిమిషాలైనా పట్టవు. అందుకే 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు, 1991లో ప్రో టూల్స్ వచ్చినా, ఇంటింటికీ చేరడానికి సమయం పట్టింది. 1996లో క్యూబేస్ వి.ఎస్.టి. ప్రత్యేక కార్డులు లేకుండా కంప్యూటరు చేతనే శబ్దానికి మెరుగులు దిద్దించింది. 2000లో ఆడాసిటీ ఉచితంగానే వచ్చింది.

మనవడి సమస్య మాత్రం పాతదే. గిటారు తీగల కింద ఉండేది రాగి చుట్ట. కరెంటు తీగల నుంచి, ట్యూబులైటు చోకు నుంచి వచ్చే 50 సైకిళ్ళ రొదను అది ఏరుకుంటుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, రొదను రొదతోనే కొట్టివేయించాడు. మనం జంట తీగలను మెలితిప్పేవాళ్ళం కదా, దానికి దగ్గరి ఉపాయమే. రెండో లోపం ఇంపీడెన్సు పొసగకపోవడం. గిటారుకు పది లక్షల ఓములంత ఎక్కువ ఇంపీడెన్సు గల ఇన్‌పుట్ కావాలి. మైకు సాకెట్టులో అంత ఉండదు కాబట్టి స్వరం మొద్దుబారుతుంది. గిటారు సాకెట్టు ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు కొన్నాం. కంప్యూటరుకు, ట్యూబులైటుకు రెండు గజాలు ఎడంగా కూర్చోబెట్టాను. రొద చాలావరకు అణిగింది.

తరువాత వాడినొక కోరిక కోరాను. మా వదినగారికి, అంటే నా శ్రీమతి అక్కగారికి, ఎనభై దాటాయి. ఆ ఉయ్యాల పాటలు అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే తల్లి దగ్గర నేర్చుకున్నవి. ఆవిడను పిలిపించి, మైకు పెట్టి పాడించాం. ఒకచోట మరిచిపోయి ఆగింది, నవ్వింది, మళ్ళీ అందుకుంది. మనవడు తన గిటారును వేరే బాటలో సన్నగా జోడించాడు. గిటారు వద్దనుకుంటే తీసేయవచ్చు. ఆవిడ గొంతుకు ఏమీ కాదు. ఆ నవ్వును కూడా తీయవద్దన్నాను.

నేను పోగొట్టుకున్న గొంతు ఇది కాదు. కాని పాట అదే.

మిత్రులకు ఒక మనవి. కంప్యూటరు డిస్కు కూడా ఒకనాడు చెడిపోయే వస్తువే. రికార్డు చేసినదానికి రెండు నకళ్ళు తీసి వేరువేరు చోట్ల ఉంచండి. మీ ఇంట్లో పాడేవారు, కథ చెప్పేవారు ఎవరుంటే వారిని ఈ వారమే కూర్చోబెట్టండి. 'మళ్ళీ చూద్దాం' అని మాత్రం అనకండి.

సెలవు.