కొండవాలున ట్రాక్టరు



తిరుమల కొండకు బస్సులో పోయిన ప్రతివారికీ ఒక సంగతి తెలుసు. కొండ నిటారుగా ఉన్నా రోడ్డు నిటారుగా పోదు. మలుపులు తిరుగుతూ కొద్దికొద్దిగా పైకెక్కుతుంది. 1944లో మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవది వాడుకలోకి వచ్చినవి. వాలుతో పోట్లాడక, దానిని పంచుకొని పోవడమే వాటి కిటుకు. మన పలమనేరు, కుప్పం మిట్టలలో ట్రాక్టరు తోలేవారికి కూడా అదే ప్రాణరక్ష.

కాలు జారితే ఎద్దు తనంతట తానే నిలుస్తుంది. ఇనుప ఎద్దుకు ఆ తెలివి లేదు. 1917లో అమెరికాలో ఫోర్డ్‌సన్ ట్రాక్టరు వచ్చినప్పుడు అక్కడి రైతులు ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకున్నారు. మడక వేరుకో బండకో తగిలితే వెనుక చక్రాలు ఆగిపోవును, ఇంజను మాత్రం ఆగదు. అప్పుడు ముందుభాగం లేచి, రెప్పపాటులో బండి వెనక్కు తిరగబడుతుంది. ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్ మూడు కడ్డీల అమరిక కనిపెట్టి, మడక లాగుడు ముందు చక్రాలను నేలకు అదిమేటట్లు చేశాడు. 1939లో అది ఫోర్డు ట్రాక్టర్లకు ఎక్కింది. ఈనాడు మీ ట్రాక్టరు వెనుక ఉన్న మూడు చేతులు అవే.

వెనక్కు పడే భయం తగ్గినా, పక్కకు పడే భయం పోలేదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ వారు మన దేశపు తొలి ట్రాక్టరు తయారుచేశారు. అదే యేడు స్వీడన్ ప్రభుత్వం, బోల్తాపడినా నలగని ఇనుపచట్రం కొత్త ట్రాక్టర్లకు ఉండి తీరాలని శాసించింది. ఆ తరువాత అక్కడ చావులు బాగా తగ్గినవి. చిన్న ట్రాక్టరుకు క్యాబిన్ ఉంటే అది అటువంటి చట్రమేనా అని కొనేటప్పుడే అడగండి. ఎండకు వేసిన రేకు కప్పు ఎండనే ఆపును, బండి బరువును ఆపదు. గట్టి చట్రముంటే నడుముకు బెల్టు కట్టుకోండి; పడుతున్నప్పుడు దూకకండి.

ఇక్కడొక చిక్కున్నది. మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా దున్నమని మేమే చెబుతాము. కాని బాగా ఏటవాలున అడ్డంగా తోలితే బండి పక్కకు పడవచ్చును. నిలువుగా తోలితే వానకు మట్టి పోతుంది. దీనికి మందు ఒక్కటే: ముందు గట్లు వేసి కయ్యలు సమం చేసుకోండి, తరువాతనే ట్రాక్టరు దించండి. అది వీలుకాని చోట ఎద్దులనో పారనో నమ్ముకోండి. చెట్లు నాటేందుకైతే గుంటలు చాలును.

వాలులో దిగే ముందే చిన్న గేరు వేయండి. నడుమ క్లచ్చి తొక్కవద్దు. రెండు బ్రేకులనూ కలిపి కొక్కెం వేయండి. బరువును కింది కొక్కేనికే తగిలించండి. పనిముట్టును నేలకు దగ్గరగా ఉంచండి. మలుపులు మెల్లగా తిప్పండి. మడ్గార్డుపై పిల్లలను కూర్చోబెట్టవద్దు.

దుక్కి ఒకరోజు ఆలస్యమైతే మరునాడు దున్నుకోవచ్చు. ఇంటి పెద్దను మరునాడు తెచ్చుకోలేము.