సాయంసంధ్యలో హుగ్లీ నదీవిహారము

కోల్‌కతా మహానగరము నదికి తూర్పుగట్టున నున్నది. హౌరా పట్టణము పడమటిగట్టున నున్నది. ఈ స్థితివలన నగరపు రేవుల మెట్లపై నిలిచినవారికి ప్రతిదినమును సూర్యుడు నదికి ఆవల, హౌరా కర్మాగారముల పొగగొట్టముల వెనుకకు దిగిపోవుట కనబడును. ఈ దృశ్యమును నదీమధ్యము నుండి చూడగోరు యాత్రికుల కొరకు సాయంకాలము విహారనౌకలు బయలుదేరుచుండును. ఒకటి రెండు గంటల కాలములో రెండు మహాసేతువులను, పదుల కొలది ఘట్టములను, రెండు గట్ల దీపమాలికలను చూచి యాత్రికులు మరలి వత్తురు.

ఇది వినోదయాత్రయే. కాని ఆ కొద్దికాలములో నౌక దాటిపోవు ప్రతి రేవునకును చరిత్రలో స్థానము గలదు. కొందరు అధికారదర్పముతో ఆ మెట్లెక్కిరి. కొందరు కన్నీటితో ఆ మెట్లు దిగిరి. ఎక్కినవారిలో పలువురి పేర్లు రాతిపై నిలిచినవి. దిగినవారి పేర్లు చాలకాలము ఎచ్చటను నిలువలేదు. ఈ రెండు వర్గములను కలిపి చూచినగాని హుగ్లీనది చరిత్ర బోధపడదు.

హుగ్లీ గంగానదియొక్క శాఖ. ఎగువభాగమున దీనిని భాగీరథి యందురు. సముద్రపు పోటు నగరమును దాటి పైకి ఎక్కుచుండుటచే ఓడలు పోటుతో లోపలికి వచ్చి, పాటుతో వెలుపలికి పోవుచుండెను. 1690 ఆగస్టు 24వ తేదీన జాబ్ చార్నాక్ సూతానుటి గ్రామమున దిగుటకు ఈ నదియే కారణము. అతడే నగరస్థాపకుడను భావనను కలకత్తా ఉన్నత న్యాయస్థానము 2003లో త్రోసిపుచ్చినది. అతనికి పూర్వమే అచ్చట గ్రామములును, వర్తకమును, నదిపై జీవించు జనమును ఉండిరనుట నిస్సందేహము.

రైలుమార్గము లేని కాలమున ఉత్తరదేశమునకు రాజమార్గము ఈ నదియే. కలకత్తా నుండి కాశికి నావలో పోవుటకు రెండు నెలలకు పైగా పట్టుచుండెను. గాలి లేనప్పుడు పడవవారు గట్టుపై నడచుచు, గోదావరి కాలువలపై వలెనే త్రాడుతో నావను లాగుచుండిరి. సంపన్నులు బజరాలనబడు గదుల పడవలలో సాయంకాలపు చల్లగాలికి నదిపై విహరించుచుండిరి. అనగా నేటి విహారనౌక నూతనకల్పన కాదు. నాడు కొందరికే దక్కిన వినోదము నేడు టిక్కెట్టు కొనగలిగిన వారందరికిని దక్కినది. 1830 మే మాసమున మద్రాసు నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రలో కలకత్తాను కూడ దర్శించెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్ర నాటి గంగాతీరమును తెలుగువారికి పరిచయము చేసిన గ్రంథము.

విహారము బాబూఘాట్ చెంత ప్రారంభమైనదనుకొందము. స్తంభములతో గూడిన ఈ ఘట్టము 1830లో నిర్మితమైనది. రాణీ రాసమణి భర్తయైన బాబు రాజచంద్ర దాసు దీనిని కట్టించెను. ఈమె పేరుకు రాణియే గాని ఏ రాజ్యమును ఏలినది కాదు. సామాన్య కుటుంబమున పుట్టి, భర్త మరణానంతరము విస్తారమైన జమీందారీని సమర్థతతో నిర్వహించిన వనిత. ఈమెను గూర్చి వంగదేశమున ఒక వృత్తాంతము ప్రసిద్ధము. నదిలో చేపలు పట్టుటపై కంపెనీవారు పన్ను విధింపగా బెస్తలు ఆమెను ఆశ్రయించిరట. ఆమె పదివేల రూపాయలు చెల్లించి ఘుసుడీ నుండి మటియాబుర్జు వరకు గల నదీభాగమును కౌలుకు తీసికొని, ఆ మీదట నదికి అడ్డముగ ఇనుపగొలుసులు వేయించెనట. తాను కౌలుకు పుచ్చుకొన్న నీటిలో ఓడలు తిరిగిన చేపలు బెదరిపోవునని ఆమె వాదన. ఓడల రాకపోకలు స్తంభించినంతనే కంపెనీవారు దిగివచ్చి పన్నును తీసివేసిరని చెప్పుదురు. నది ఎవరిది యను ప్రశ్నను ఇంత సూటిగా అడిగినవారు అరుదు. ఈమె కట్టించిన దక్షిణేశ్వర కాళికాలయము 1855 మే 31వ తేదీన ప్రతిష్ఠితమై, ఇదే నదీతీరమున నగరమునకు ఉత్తరముగ విరాజిల్లుచున్నది.

బాబూఘాట్‌కు ప్రక్కనే చాంద్‌పాల్ ఘాట్ గలదు. బాటసారులకు చిల్లర సరకులమ్ముకొని బ్రదికిన చంద్రనాథ పాల్ అను దుకాణదారుని పేర ఇది వెలసినదందురు. గవర్నరులును, న్యాయమూర్తులును ఓడ దిగినది ఈ దుకాణదారుని రేవుననే. 1774 అక్టోబరు 19వ తేదీన ఫిలిప్ ఫ్రాన్సిస్ మొదలగు కౌన్సిలు సభ్యులు ఇచ్చట దిగిరి. తమకు 21 ఫిరంగుల మర్యాద జరుగునని వారు ఎదురుచూడగా, కోటనుండి 17 మాత్రమే ప్రేలినవి. వారెన్ హేస్టింగ్సుపై వారికి గల వైరమునకు ఈ నాలుగు ఫిరంగుల కొరత తొలి మెట్టయినదని చరిత్రకారులు వ్రాయుదురు. దొరల ఫిరంగుల లెక్క చరిత్రకెక్కినది. ఆ దినమున వారి సామానులు మోసిన కూలీల లెక్క ఎక్కలేదు.

నౌక దక్షిణముగ సాగిన పిదప ప్రిన్సెప్ ఘాట్ కనబడును. అశోకుని శాసనముల బ్రాహ్మీలిపిని 1837లో చదివిన జేమ్స్ ప్రిన్సెప్ 1840లో మరణింపగా, ఆయన స్మారకముగ ఆ దశాబ్దపు తొలి సంవత్సరములలో ఈ మండపము వెలసినది. విస్మృతుడైన ఒక చక్రవర్తి మాటలను దేశమునకు మరల వినిపించినవాని స్మారకము నదీముఖమున నుండుట సమంజసమే. రెండువేల యేండ్లుగా రాతిపై నున్న అక్షరములు సైతము చదువువాడు లేనిచో మూగవే యగునని ఆయన కృషి నిరూపించినది. కాలక్రమమున నది పడమటికి తొలగగా, నేడు మండపమునకును నీటికిని నడుమ రోడ్డును, రైలుమార్గమును ఉన్నవి. దానికి చేరువనే 1992 అక్టోబరులో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు ఉక్కుతీగలపై వ్రేలాడుచు సంధ్యాకాంతిలో వీణాతంత్రులను తలపించును. దానికి శంకుస్థాపన జరిగినది 1972లో. పూర్తియగుటకు ఇరువదేండ్లు పట్టినది.

సేతువు దాటిన పిదప కిదిర్‌పూర్ రేవులు, గార్డెన్ రీచ్, మటియాబుర్జు వచ్చును. 1856లో రాజ్యమును కోల్పోయిన అయోధ్య నవాబు వాజిద్ అలీ షా ఇచ్చటికి వచ్చి, 1887లో మరణించు వరకు ఈ తీరమున చిన్న లక్నోను నిర్మించుకొనెను. సంగీతము, నృత్యము, పాకశాస్త్రము ఆయనతో కూడ నదీతీరమునకు వలస వచ్చినవి. ఆయన ప్రవాసము కథలకును, నాటకములకును వస్తువైనది.

అయితే ఆ తీరము నుండియే అంతకంటె దూరమైన ప్రవాసమునకు పోయినవారి కథ చిరకాలము ఎవరికిని పట్టలేదు. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిదప చెఱకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. అయిదేండ్ల ఒప్పందముపై వ్రేలిముద్ర వేయించుకొని, వేలాది స్త్రీపురుషులను కలకత్తా డిపోలలో నుంచి ఓడలెక్కించిరి. అగ్రిమెంటను మాట వారి నోట గిర్మిట్‌గా మారినది, వారే గిర్మిటియాలు. 1838లో విట్‌బీ, హెస్పెరస్ అను ఓడలు బ్రిటిషు గయానాకు, 1845లో ఫతే అల్ రజాక్ ట్రినిడాడ్‌కు, 1873లో లల్లా రూఖ్ సూరినాముకు, 1879లో లియోనిడాస్ ఫిజీకి తొలి కూలీలను గొనిపోయినవి. సూరినాముకు మాత్రమే సుమారు 34,000 మంది పోయిరి. వారిలో పెక్కురు భోజపురీ, అవధీ భాషల సీమలవారు. తెలుగు కూలీలలో అధికసంఖ్యాకులు మద్రాసు, కోరంగి మొదలగు తూర్పుతీరపు రేవుల నుండి మారిషస్, నేటాల్, బర్మాలకు వెడలిరి. ఓడ వేరైనను కష్టమొక్కటియే. మెట్లు దిగునప్పుడు వారు చూచిన సూర్యాస్తమయమే నేడు యాత్రికులు చూచుచున్నది. వారిలో ఎందరికో అది స్వదేశమున చివరి సంధ్య. ఈ పద్ధతి 1917లో ఆగిపోయినది. వారి స్మారకము కిదిర్‌పూర్ డిపో తావున 2011లోను, మూటతో నిలిచిన దంపతుల విగ్రహము సూరినాము ఘాట్‌లో 2015లోను వెలసినవి. ప్రిన్సెపునకు మూడు నాలుగేండ్లలో మండపము కట్టిన తీరము వీరిని తలచుకొనుటకు నూరేండ్లకు పైగా తీసికొన్నది.

ఈ తావునకు ఎదురుగట్టున, శిబ్‌పూర్‌లో, 1787లో స్థాపితమైన వృక్షోద్యానము గలదు. 1793లో దానికి అధిపతియైన విలియం రాక్స్‌బర్గ్ అంతకుమునుపు పదియేండ్లకు పైగా గోదావరీమండలము నందలి సామర్లకోటలో నుండి, ఆ ప్రాంతపు మొక్కలను పరిశీలించి, చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. ఆయన వృక్షశాస్త్ర గ్రంథములలో మొక్కలకు తెలుగు పేర్లు కూడ కనబడును. హుగ్లీతీరపు వృక్షశాస్త్రమునకు గోదావరితీరపు పల్లెజనుల విజ్ఞానము ఈ విధముగ తోడైనది. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రము తెలియవు. ఉద్యానము నందలి మహావటవృక్షము మూలకాండము చెడిపోగా 1925లో దానిని తొలగించిరి. అయినను వేలాది ఊడలపై ఆ చెట్టు నేటికిని విస్తరించుచున్నది.

గార్డెన్ రీచ్ తెలుగువారికి మఱియొక కారణమున కూడ సుపరిచితము. బెంగాలు నాగపూరు రైల్వేయొక్కయు, పిదప ఆగ్నేయ రైల్వేయొక్కయు ప్రధానకార్యాలయము ఇచ్చటనే వెలసినది. 2003 వరకు వాల్తేరు డివిజను ఈ కార్యాలయమునకు లోబడి యుండెను. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల నుండి ఉద్యోగమునకై వచ్చిన తెలుగు కుటుంబములకు తూర్పుతీరపు రైలుమార్గము పుట్టింటి దారి, హుగ్లీ మెట్టినింటి నది అయినవి.

సూర్యుడు క్రుంకిన పిదప నౌక ఉత్తరమునకు మరలును. ఆర్మీనియను ఘాట్ 1734 నాటిది. 1854 ఆగస్టు 15వ తేదీన హౌరా నుండి తొలి రైలు నడచినపుడు వంతెన లేదు. ప్రయాణికులు నదిని దాటి రైలెక్కవలసినదే. 1874లో పడవలపై తేలు వంతెన వచ్చినది. ఓడలు పోవునప్పుడు దాని నడిమి భాగమును తెరచుచుండిరి. నేటి హౌరా వంతెన 1943 ఫిబ్రవరి 3వ తేదీన, యుద్ధకాలమగుటచే ఉత్సవము లేకయే, రాకపోకలకు తెరువబడినది. దీనికి పట్టిన ఉక్కు సుమారు 26,500 టన్నులు. అందులో 23,000 టన్నులు టాటావారి కర్మాగారమున తయారైనవి. నదిలో స్తంభము లేకుండ సుమారు 1,500 అడుగుల దూరమును దాటు ఈ సేతువునకు 1965లో రవీంద్రసేతువని పేరిడిరి. 2024లో నదీగర్భము క్రిందుగా మెట్రో రైలు కూడ నడువసాగినది.

వంతెనకు ఎగువగ ఇరుగట్లను జనపనార మిల్లులు వరుసదీరి వెలసినవి. 1855లో రిష్రాలో మొదలైన ఈ పరిశ్రమకు పనివారు బీహారు, ఒరిస్సాల నుండియే గాక గంజాము, విశాఖపట్టణ మండలముల నుండి కూడ వచ్చిరి. టీటాగఢ్ మొదలగు చోట్ల తెలుగు బస్తీలు ఆ విధముగ ఏర్పడినవి. కరవునకు ఊరు విడిచినవారు, మిల్లు ఈలకు మేల్కొని, ఇదే నదిలో స్నానమాడి, ఇదే నదిని గంగమ్మయని మ్రొక్కిరి. వీరిని గూర్చిన శిలాఫలకము ఏ విహారనౌకకును కనబడదు.

తుదకు నదిని గూర్చియే ఒక మాట. గంగాప్రవాహము తూర్పునకు, పద్మానది వైపునకు, ఒరగుటచే హుగ్లీ క్రమముగ పూడిపోవుచు రేవునకు ముప్పు తెచ్చినది. 1975లో ఫరక్కా ఆనకట్ట పనిచేయనారంభించి, సుమారు 38 కిలోమీటర్ల కాలువద్వారా గంగనీటిని ఇటు మళ్ళించినది. ఆ నీటి పంపకమునకై 1996లో బంగ్లాదేశముతో ముప్పదియేండ్ల ఒడంబడిక జరిగినది. విహారనౌక తేలుచున్నది కేవలము ప్రకృతి యిచ్చిన నీటిపై కాదు. ఇంజనీరుల శ్రమయు, ఇరుదేశముల సమ్మతియు కలసిన నీటిపై. ఇచ్చట వచ్చిన నీటివలన అచ్చట తగ్గిన నీటిని గూర్చి దిగువదేశపు రైతులు చేయు ఫిర్యాదును కూడ చరిత్ర లెక్కింపవలసియుండును.

సౌందర్యదర్శనము దోషము కాదు. సంధ్యారాగము దొరకును, కూలికిని, నవాబునకును, యాత్రికునకును సమానమే. అయితే నౌకపై చేయు ప్రసంగములలో ప్రిన్సెపును, వంతెన తూకమును వినిపించుట ఎంత యవసరమో, గిర్మిటియాలను, మిల్లు కార్మికులను, రాణీ రాసమణి వెనుక నిలిచిన బెస్తలను తలచుకొనుటయు అంత యవసరము. అప్పుడు ఘట్టములపై చెక్కబడిన పేర్లతోపాటు, చెక్కబడని పేర్లును యాత్రికుల మనస్సులకు చేరును.