జైలుగదిలో అమ్మభాష

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పడం మనకొక్కళ్ళకే ఉన్న అలవాటనుకుంటాం. ఆఫ్రికాలో, కెన్యా దేశపు లిమూరు దగ్గరి పల్లెలోనూ అంతే. పొలం పనయ్యాక నెగడు చుట్టూ చేరి పెద్దవాళ్ళు గికుయు భాషలో కథలు చెప్పేవారు. బక్కప్రాణి కుందేలు తెలివితో సింహాన్ని బోల్తా కొట్టించేది. నోరు తెరుచుకుని విన్న పిల్లల్లో 1938లో పుట్టిన గూగీ వా థియాంగో ఒకడు.

అక్షరమ్ముక్క రాని తల్లే పట్టుబట్టి అతన్ని బడిలో వేసింది. ఆ బళ్ళు 1952 తర్వాత తెల్లదొరల అజమాయిషీలోకి పోయాయి. గికుయులో మాట్లాడుతూ దొరికితే బెత్తం దెబ్బలు, లేకపోతే మెడలో ‘నేను మొద్దును’ అని రాసిన పలక! ఎక్కడో విన్నట్టుంది కదూ?

గూగీ బాగా చదివాడు. 1964లో ఇంగ్లీషులో మొదటి నవల వచ్చింది, పేరూ వచ్చింది. కానీ ఆ నవలల్లో ఉన్నది పల్లెటూరి తల్లులూ రైతులూ. వాళ్ళలో ఒక్కరూ వాటిని చదవలేరాయె!

1977లో తన ఊరివాళ్ళ చేతనే గికుయులో నాటకం ఆడించాడు. మాట తప్పితే ఆ రైతులూ కూలీలే దిద్దారట. అదే ఏడు ఇంగ్లీషులో ప్రభుత్వాన్ని ఎండగడుతూ నవల వేస్తే ఎవరూ పట్టించుకోలేదు. జనానికి అర్థమయ్యే నాటకాన్ని మాత్రం నిషేధించారు. డిసెంబరు 31న ఆయన్ని పట్టుకుపోయి, విచారణైనా లేకుండా జైల్లో పెట్టారు.

అప్పటికి కెన్యాకి స్వాతంత్ర్యం వచ్చి 14 ఏళ్ళు. దొరలు పోయినా, అమ్మభాషంటే భయం పోలేదన్నమాట!

రాసుకోడానికి కాగితం లేదు. మరుగుదొడ్డికని ఇచ్చే ముతక కాగితం మీదే గికుయులో తన మొదటి నవల మొదలెట్టాడు. మాట తోచకపోతే కాపలావాళ్ళనే అడిగేవాడు. కథానాయిక వారీంగా అనే టైపిస్టు. పైఅధికారికి లొంగనందుకు ఉద్యోగం ఊడుతుంది. తర్వాత ఆమె ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకుని తన కాళ్ళమీద తాను నిలబడుతుంది.

1978 డిసెంబరులో విడుదలయ్యాడు. 1980లో పుస్తకం అచ్చయింది. చదువొచ్చినవాళ్ళు ఇంట్లో పైకి చదువుతుంటే, రానివాళ్ళు చుట్టూ కూర్చుని విన్నారట. చూశారా, కథ మళ్ళీ నెగడు దగ్గరికే చేరింది!

1982 నుంచి గూగీ పరదేశవాసి అయ్యాడు. లండనూ, అమెరికా అంటూ తిరిగినా నవలలు గికుయులోనే రాశాడు. 2025లో అమెరికాలోనే, 87వ ఏట కన్నుమూశాడు.

జైల్లో పుట్టిన ఆ నవలని తెలుగు చేసింది కూడా జైల్లో ఉన్న కవే, వరవరరావు!

పాప ఇంగ్లీషు పద్యం అప్పజెబితే మురిసిపోవలసిందే, తప్పేముంది? పడుకోబోయే ముందు మాత్రం ఆ కుందేలూ సింహం కథ తెలుగులో చెప్పండి. మనకీ ఆ కథ ఉందిగా!